సాగర్ పాత క్వార్టర్లు

నల్గొండ జిల్లాలో పాత కట్టడాలు అనగానే పానగల్లు గుళ్ళు, దేవరకొండ కోట గుర్తొస్తాయి. 1950ల్లో కట్టిన ఇంటిని మనం చారిత్రకం అనం. అది "పాత క్వార్టర్", అంతే. నాకైతే ఆ పాత క్వార్టర్ల మీదే మోజు.

హైదరాబాద్ నుంచి సాగర్ రోడ్డు మీద దాదాపు 150 కిలోమీటర్లు వెళ్తే నాగార్జునసాగర్ హిల్ కాలనీ, పైలాన్ కాలనీ వస్తాయి. గేట్లెత్తారని టీవీలో చూడగానే కార్లేసుకుని వెళ్తాం. 26 గేట్లూ చూసి, ఫోటోలు దిగి, చేపల వేపుడు తిని వచ్చేస్తాం. కాలనీ వీధుల్లోకి బండి తిప్పేవాళ్ళు తక్కువ. ఈసారి తిప్పి చూడండి. వరసగా ఒకే కొలతలో కట్టిన ఇళ్ళు, బల్లపరుపు కప్పులు, కిటికీల మీద పొడుగాటి ఛజ్జాలు, గాలి కోసం జాలీలు. నిజాం కాలపు కమానులు లేవు, దొరల బంగళా స్తంభాలు లేవు, గోపురం పోకడలు లేవు. కావలసింది ఉంది, అక్కర్లేనిది లేదు. ప్రపంచమంతా మోడర్నిజం అని పేరు పెట్టి పుస్తకాలు రాసుకున్నది దీని గురించే. మన దగ్గర అది ప్రభుత్వ ఇంజనీర్ల డ్రాయింగుల్లోంచి ఏ పేరూ లేకుండా వచ్చేసింది.

1955 డిసెంబర్ 10న నెహ్రూ ఇక్కడ శంకుస్థాపన చేశారు. ఆ గుర్తుగా నిలబెట్టిన పైలాన్ పేరే కాలనీకి వచ్చింది. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకి నీళ్ళు వదిలారు. ఈ మధ్యలో రాళ్ళగుట్టల నడుమ ఒక ఊరు మొత్తం లేచింది: క్వార్టర్లు, బళ్ళు, కమలా నెహ్రూ ఆసుపత్రి. (సాగర్ ఏపీఆర్‌జేసీలో చదివినవాళ్ళు మీలో ఎలాగూ ఉంటారు. మీది కుడిగట్టు, విజయపురి సౌత్. నేను చెప్పేది ఎడమగట్టు సంగతి.) అదే కాలంలో భాక్రా ఆనకట్టని కాంక్రీటుతో కట్టారు. సాగర్‌ని రాతితో కట్టారు, ఎందుకంటే సిమెంటు, యంత్రాలు ఖరీదు, మనుషులు చవక. రాతికట్టు పొడవు 1,450 మీటర్లు, ఎత్తు 124 మీటర్లు. అదంతా మనుషులు రాయి మీద రాయి పేర్చినదే.

ఆ మనుషుల దగ్గర కాసేపు ఆగాలి. మాది పాలమూరు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా "పాలమూరు లేబర్" అనే మాట వినిపించేది. ఇక్కడా మావాళ్ళు రాయి మోశారు. క్వార్టర్లు ఇంజనీర్లకి, ఉద్యోగులకి. కూలీలకి గుడిసెలు. పని అయిపోగానే గుడిసెలు పోయాయి, వాటి ఆనవాలు కూడా లేదు. సాగర్ కాలువ నీళ్ళు మహబూబ్‌నగర్‌కి రానే రావు, మాది ఎగువ. అందుకే ఈ కాలనీని పొగుడుతుంటే నాకు గొంతులో ఏదో అడ్డుపడుతుంది. అయినా పొగుడుతున్నాను, ఆ గోడలూ మావాళ్ళ చేతిపనే కాబట్టి.

ఇంకో తమాషా చూడండి. మునిగిపోయే లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉంది. 1954 నుంచి 1960 దాకా తవ్వి, ముఖ్యమైన కట్టడాలని కొండ మీదా, అనుపులోనూ మళ్ళీ నిలబెట్టారు. కొండ మీద మ్యూజియం 1966లో తెరిచారు, దాన్ని బౌద్ధ విహారం ఆకారంలో కట్టారు. పదహారు పదిహేడు వందల ఏళ్ళ ఇటుకలకి కొలతలు, ఫోటోలు, రిపోర్టులు అన్నీ ఉన్నాయి. మంచి పనే. అదే ఏళ్ళలో పక్కనే లేచిన కాలనీకి ఆ మర్యాద దక్కలేదు.

అమెరికాలో ఇండియానా రాష్ట్రంలో కొలంబస్ అని చిన్న ఊరుంది, జనాభా 50 వేల చిల్లర. కమిన్స్ ప్రాజెక్టుల పుణ్యాన మనవాళ్ళు చాలామందికి తెలిసే ఉంటుంది. డీజిల్ ఇంజిన్ల ఊరు. కానీ 1950ల నుంచి బళ్ళకీ ఇతర ప్రజా భవనాలకీ పేరున్న ఆర్కిటెక్టులని పెట్టుకుంటే వాళ్ళ ఫీజు కమిన్స్ ఫౌండేషన్ కడుతూ వచ్చింది. లైబ్రరీ ఐ.ఎం.పేయిది. కంపెనీ పెద్ద ఇర్విన్ మిల్లర్ ఇంటిని 1957లో ఈరో సారినెన్ కట్టాడు, ఇప్పుడు టిక్కెట్టు కొని చూస్తారు. అక్కడ డబ్బూ శ్రద్ధా కాపాడాయి.

సాగర్‌లో కాపాడింది ఇంకొకటి: ఇల్లు మార్చే హక్కు ఎవరికీ లేకపోవడం. క్వార్టరు ప్రాజెక్టుది. ఉంటున్నవాడికి గోడ పగలగొట్టే హక్కు లేదు, పై అంతస్తు వేసే ధైర్యం లేదు. డిపార్ట్‌మెంటుకి రిపేరు చేసే ఓపిక లేదు. మన భాషలో చెప్పాలంటే రైట్ యాక్సెస్ ఎవరికీ ఇవ్వని లెగసీ కోడ్. అందుకే అది చెక్కు చెదరకుండా ఉంది. పెచ్చులూడటం వేరే సంగతి :)

2018లో నందికొండ మున్సిపాలిటీ వచ్చింది. క్వార్టర్లని ఉంటున్నవాళ్ళకే ఇచ్చేయాలన్న డిమాండ్ అంతకంటే పాతది. అది న్యాయమైన డిమాండే. దశాబ్దాలుగా ఒకే ఇంట్లో ఉన్న కుటుంబం ఆ ఇల్లు తమది కాదన్న భయంతో ఎందుకు బతకాలి? నా సౌందర్య దృష్టి కోసం వాళ్ళ పట్టా ఆపమనే హక్కు నాకెక్కడిది! కానీ పట్టా చేతికొస్తే మొదట పోయేది ఛజ్జా, తర్వాత జాలీ. ముందు గ్రానైట్ ఎలివేషన్, పైన ఇంకో పోర్షన్ అద్దెకి. నేనైనా అదే చేస్తానేమో.

ఆపమనట్లేదు. మారేలోపు కొలవమంటున్నాను. ఒక్కో రకం ఇల్లు ఒక్కటి చాలు: ప్లాను, నాలుగు వైపులా ఫోటోలు, అందులో పెరిగిన ఒకరి మాట. ఆర్కిటెక్చర్ కాలేజీ పిల్లలకి ఒక సెమిస్టర్ పని. ఈ ఆగస్టులో గేట్లెత్తితే నేనొక టేపు పట్టుకుని వెళ్తున్నాను. రెండో కొస పట్టుకోవడానికి మనిషి కావాలి, వచ్చేవాళ్ళు చెప్పండి. వేపుడు ఖర్చు నాది.