పాత కెమెరా కటకాలపై గుర్తులు

పాత కెమెరా కటకాలపై గుర్తులు అనగా కటకం లేదా లెన్సు ముందు వలయంపై చెక్కిన తయారీదారు పేరు, కటకం పేరు, కొలతలు, వరుస సంఖ్య మొదలైనవి. ఇవి కటకం ఎప్పుడు, ఎక్కడ తయారైనదో తెలుపుతాయి. ఒకే కర్మాగారపు కటకాలపై వేర్వేరు పేర్లు ఉండుట వలన వీటిని పోల్చుకొనుటలో పొరపాట్లు జరుగుతుంటాయి.

కొలతలు

"టెస్సార్ 2.8/50" అను గుర్తులో 50 నాభ్యంతరం, మిల్లీమీటర్లలో. దానిని 2.8తో భాగించగా వచ్చు సుమారు 18 మి.మీ. కటక ద్వారపు గరిష్ఠ వ్యాసం. మొదటి సంఖ్య తగ్గిన కొలదీ ఎక్కువ వెలుతురు లోనికి వస్తుంది.

జైస్ పేరు

కార్ల్ జైస్ సంస్థ 1846లో జర్మనీలోని యేనా పట్టణంలో ప్రారంభమైనది. టెస్సార్ కటకాన్ని 1902లో ఈ సంస్థకు చెందిన పాల్ రుడాల్ఫ్ రూపొందించాడు. 1945లో అమెరికా సైన్యం ఇక్కడి నిపుణులను పశ్చిమ జర్మనీకి తరలించింది. యేనా సోవియట్ అధీనంలోనికి పోయింది. పశ్చిమాన ఓబర్‌కోఖెన్‌లో 1946లో మరొక సంస్థ ఏర్పడింది. యేనా కర్మాగారం 1948లో ప్రభుత్వపరమైనది. ఇరువురూ జైస్ పేరు తమదేనని వాదించగా, 1971లో లండన్‌లో ఒప్పందం కుదిరింది. ఈ వివాదం వలన పాశ్చాత్య దేశాలకు పంపిన యేనా కటకాలపై "ఆస్ యేనా" అనియు, టెస్సార్‌కు బదులు "టి", సొన్నార్‌కు బదులు "ఎస్", బయోటార్‌కు బదులు "బి" అనియు చెక్కేవారు. పేరు కుదించినంత మాత్రాన అవి నాసిరకం కావు.

పూత గుర్తులు

పూత లేని గాజు తలం తనపై పడిన కాంతిలో సుమారు 4 శాతాన్ని పరావర్తనం చెందిస్తుంది. దీనిని తగ్గించే పూతను జైస్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ స్మకులా 1935లో కనుగొన్నాడు. పూత గల జైస్ కటకాలపై ఎరుపు రంగు "టి", సోవియట్ కటకాలపై ఎరుపు రంగు రష్యన్ అక్షరం "పె" కనిపిస్తాయి. ఎరుపు "టి"కి, టెస్సార్‌ను సూచించే "టి"కి సంబంధం లేదు.

ఇతర దేశాలు

జపానుకు చెందిన నిక్కర్ పాత కటకాలలో పేరు తరువాతి అక్షరం లోపలి గాజు కటకాల సంఖ్యను తెలుపుతుంది. క్యూ అనగా 4, పి అనగా 5, హెచ్ అనగా 6, ఎస్ అనగా 7. సోవియట్ హీలియోస్-44 బయోటార్‌ను, జ్యూపిటర్ రకాలలో కొన్ని సొన్నార్‌ను అనుసరించినవి. చాలా సోవియట్ కటకాల వరుస సంఖ్యలో మొదటి రెండు అంకెలు తయారైన సంవత్సరాన్ని సూచిస్తాయి.

కొనుగోలులో జాగ్రత్త

జ్యూపిటర్ కటకాలపై జైస్ పేరు చెక్కి అమ్మిన నకిలీలు కూడా ఉన్నవి. అందుచేత పేరుతో పాటు వరుస సంఖ్యను, పూతను, లోహపు పనితనాన్ని సరిచూడవలెను. గుర్తులు కటకం పుట్టుకను చెప్పగలవు గాని ప్రస్తుత స్థితిని చెప్పలేవు. తణుకు, రాజమండ్రి వంటి గోదావరి డెల్టా పట్టణాలలో గాలిలోని తేమ వలన కటకాల లోపల బూజు పట్టే అవకాశం ఎక్కువ. బూజు ముదిరినచో పూతను తినివేస్తుంది, శుభ్రపరచినా మరక పోదు. కటకాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టి చూచినచో బూజు సాలెగూడు వలె కనిపిస్తుంది.

ఇవి కూడా చూడండి

కటకం
కెమెరా
ఛాయాచిత్రకళ