ట్రూ క్రైమ్ (వీడియో గేమ్‌ల వరుస)

'''ట్రూ క్రైమ్''' అనేది నిజమైన నగరాలను రంగస్థలంగా చేసుకొని వెలువడిన నేర ప్రధానమైన వీడియో గేమ్‌ల వరుస. దీనిని అమెరికాకు చెందిన లక్సోఫ్లక్స్ సంస్థ రూపొందించగా యాక్టివిజన్ సంస్థ ప్రచురించినది. ఈ పేరుతో విడుదలైనవి రెండు ఆటలే: ''ట్రూ క్రైమ్: స్ట్రీట్స్ ఆఫ్ ఎల్.ఎ.'' (2003), ''ట్రూ క్రైమ్: న్యూయార్క్ సిటీ'' (2005). హాంగ్‌కాంగ్ నేపథ్యంగా తయారవుతున్న మూడవ ఆట 2011లో రద్దయినది. తరువాత అది ప్రచురణకర్త మారి, 2012లో ''స్లీపింగ్ డాగ్స్'' అనే వేరు పేరుతో వెలువడినది. ఈ మూడింటిలోను కథానాయకుడు పోలీసు ఉద్యోగే కావడం ఈ వరుసకు గల ప్రత్యేకత.

== నేపథ్యం ==

నగరమంతా స్వేచ్ఛగా తిరుగుతూ, వాహనాలు నడుపుతూ, కథలోని ఘట్టాలను ఒక్కొక్కటిగా పూర్తి చేసే ఆటలకు గ్రాండ్ థెఫ్ట్ ఆటో వరుస వలన 2001 తరువాత విశేష ప్రచారం లభించినది. ఆ ఆటలలో ఆటగాడు నేరస్థుని పాత్ర వహిస్తాడు. నగరాల పేర్లు కూడా కల్పితాలే. న్యూయార్కును పోలినది లిబర్టీ సిటీ, మయామీని పోలినది వైస్ సిటీ, లాస్ ఏంజెలెస్‌ను పోలినది లాస్ సాంటోస్. కల్పిత నగరంలో ఏ వీధి ఎక్కడ ఉండవలెనో రచయిత ఇష్టం, ఎవరూ తప్పు పట్టలేరు.

నిజ నగరాన్ని తీసుకుంటే ఆ వెసులుబాటు ఉండదు. లండన్ నగరంలో జరిగే ''ది గెట్‌అవే'' (2002) ఆటలో బ్రిటిష్ టెలికాం సంస్థ వాహనం ఒకటి నేరంలో భాగంగా కనిపించగా ఆ సంస్థ అభ్యంతరం తెలిపినది. ఆ తరువాతి ప్రతులలో సంబంధిత భాగాన్ని తొలగించవలసి వచ్చినది. ట్రూ క్రైమ్ రూపకర్తలు మాత్రం రెండు విషయాలలోను ఎదురు దారి పట్టారు. నగరాన్ని అసలు పేరుతోనే తీసుకున్నారు, ఆటగాని చేతికి పోలీసు బిళ్ళ ఇచ్చారు.

== స్ట్రీట్స్ ఆఫ్ ఎల్.ఎ. ==

ఈ ఆట 2003 నవంబరులో ప్లేస్టేషన్ 2, ఎక్స్‌బాక్స్, గేమ్‌క్యూబ్ యంత్రాలపై విడుదలైనది. కంప్యూటర్ ప్రతి 2004లో వచ్చినది. కథానాయకుడు నిక్ కాంగ్ లాస్ ఏంజెలెస్ పోలీసు శాఖలోని ఒక ప్రత్యేక విభాగంలో పనిచేస్తూ చైనీయ, రష్యను నేర ముఠాలను ఎదుర్కొంటాడు. అతని తండ్రి కూడా పోలీసే. ఆ పాత్రకు రస్సెల్ వాంగ్ గాత్రం అందించాడు. గ్యారీ ఓల్డ్‌మన్, క్రిస్టఫర్ వాకెన్, మిషెల్ రోడ్రిగ్జ్ వంటి సినీ నటుల గొంతులు కూడా ఇందులో వినిపిస్తాయి.

=== నగర నిర్మాణం ===

జి.పి.ఎస్. సమాచారం ఆధారంగా సుమారు 240 చదరపు మైళ్ళ నగరాన్ని పునర్నిర్మించినట్లు రూపకర్తలు ప్రకటించారు. ఇది దాదాపు 620 చదరపు కిలోమీటర్లు. 2007లో ఏర్పడిన నాటి గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థ విస్తీర్ణం ఇంచుమించు ఇంతే. సాంటా మోనికా, బెవర్లీ హిల్స్, హాలీవుడ్ ప్రాంతాల రహదారులు అసలు పేర్లతో, అసలు వరుసలో కనిపిస్తాయి.

దీని కష్టం అర్థం కావాలంటే మన ప్రాంతాన్నే తలచుకోవచ్చు. దిల్‌సుఖ్‌నగర్ నుండి బయలుదేరి ఎల్.బి.నగర్ కూడలి దాటి, హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట మీదుగా అబ్దుల్లాపూర్‌మెట్ చేరే విజయవాడ రహదారిని ఆటలో చూపవలెనంటే ప్రతి మలుపూ దాని స్థానంలోనే ఉండాలి. రోజూ ఆ దారిన బస్సులో వెళ్ళే విద్యార్థి ఒక్క చూపులో తప్పు పట్టగలడు. లాస్ ఏంజెలెస్ వాసులు ఈ ఆటను అలాగే పరీక్షించగలిగారు. తమ ఇంటి వీధిని వెతుక్కోవడం వారికి ఆటలో ఆటగా మారినది.

అయితే వీధులు నిజమైనంత మాత్రాన భవనాలు నిజమైనవి కావు. వాటిలో అత్యధిక భాగం ముందు గోడలు మాత్రమే, లోపలికి దారి లేదు. అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలోనే ఉన్న రామోజీ ఫిల్మ్ సిటీని చూసినవారికి ఈ పద్ధతి కొత్త కాదు. 1996లో ప్రారంభమైన ఆ చిత్రనగరిలోని వీధి సెట్టింగులలో కూడా కెమెరాకు కనిపించే మేరకే కట్టడం ఉంటుంది. తేడా ఒక్కటే, సినిమాలో కెమెరా ఎటు చూడాలో దర్శకుడు నిర్ణయిస్తాడు. ఆటలో ఆ నిర్ణయం ఆటగానిది. కనుక అన్ని వైపులా ఏదో ఒకటి కట్టి ఉంచక తప్పదు. ఇంత పెద్ద నగరంలో ఒకే రకం ఇళ్ళు పదే పదే కనిపించడానికి కారణం ఇదే.

=== మంచి పోలీసు, చెడ్డ పోలీసు ===

దారిన పోయేవారిని ఆపి సోదా చేయడం, బిళ్ళ చూపి ఇతరుల వాహనం తీసుకోవడం, గాలిలోకి కాల్పులు జరిపి నిందితుని ఆపడం వంటి అధికారాలు ఆటగానికి ఉంటాయి. నేరస్థుని ప్రాణాలతో అరెస్టు చేస్తే మంచి అంకెలు, నిరాయుధులను చంపితే చెడ్డ అంకెలు వస్తాయి. వీటి మొత్తాన్ని బట్టి కథ దారి మారుతుంది. ఒక ఘట్టంలో ఓడిపోయినా ఆట ఆగదు, మరొక శాఖలోకి మళ్ళుతుంది. ఆ కాలానికి ఇది కొత్త ఆలోచన. ఒక శాఖలో నడిచే శవాలు, డ్రాగన్ కూడా ఎదురవుతాయి. నగరాన్ని అంగుళం తప్పకుండా కొలిచిన ఆటలో ఇవి ఎందుకు వచ్చాయో చెప్పడం కష్టం.

ఈ అంకెల పద్ధతిలో ఒక పెద్ద లోపం కలదు. మంచి, చెడు ఒకే త్రాసులో తూగుతాయి. ఒక బాటసారిని కారుతో ఢీకొట్టి చంపిన పోలీసు, తరువాత కొందరు దొంగలను పట్టుకుంటే ఆ పాపం లెక్కలోంచి తుడిచిపెట్టుకుపోతుంది. చట్టం ఈ విధంగా లెక్క కట్టదు. పోలీసు చేతిలో చనిపోయిన వ్యక్తికి ఆట ఒక పేరు కూడా ఇవ్వదు. పోలీసు అధికారం, దాని దుర్వినియోగం అనే గంభీరమైన విషయాన్ని ఎత్తుకొని దానిని కూడికలు, తీసివేతలుగా కుదించడం ఈ ఆటలోని బలహీనతగా చెప్పవచ్చును. అయినా ఈ ప్రశ్నను ఆటలో ప్రధానాంశం చేసిన ఘనత కూడా దీనిదే.

== న్యూయార్క్ సిటీ ==

2005 నవంబరులో విడుదలైన రెండవ ఆట మన్‌హాటన్ ద్వీపంలో జరుగుతుంది. కథానాయకుడు మార్కస్ రీడ్ పూర్వాశ్రమంలో ముఠా సభ్యుడు. తండ్రిపై దాడి జరిగినప్పుడు ప్రతీకారానికి దిగుతాడు. టెర్రీ హిగిన్స్ అనే పోలీసు అతనిని కేసు నుండి తప్పిస్తాడు. తరువాత రీడ్ తానే పోలీసు అవుతాడు. అనగా అతని ఉద్యోగానికి పునాదే ఒక కప్పిపెట్టిన నేరం. మొదటి ఆట కంటే ఈ కథ బరువైనది. జైలులో ఉన్న తండ్రి పాత్రకు లారెన్స్ ఫిష్‌బర్న్, హిగిన్స్ పాత్రకు మికీ రూర్క్ గాత్రదానం చేశారు.

ఇందులో దుకాణాలు, భోజనశాలలు మొదలైన అనేక భవనాల లోపలికి వెళ్ళవచ్చును. భూగర్భ రైలులో, టాక్సీలో ప్రయాణించవచ్చును. స్వాధీనం చేసుకున్న వస్తువులను స్టేషనులో జమ చేయాలా, తాకట్టు దుకాణంలో అమ్ముకోవాలా అన్నది ఆటగాని ఇష్టం. లంచగొండితనాన్ని ఇంత సాదాసీదాగా, రోజువారీ పనిగా చూపిన ఘట్టం మొదటి ఆటలో లేదు.

కానీ ఆట పూర్తిగా సిద్ధం కాకముందే బయటకు వచ్చినట్లు ఉన్నది. సాంకేతిక లోపాలు ఎక్కువగా ఉండి విమర్శకుల ఆదరణ పొందలేదు. లక్సోఫ్లక్స్ సంస్థ ఈ వరుసలో మరొక ఆటను విడుదల చేయలేదు. 2010లో ఆ సంస్థ మూతపడినది.

== హాంగ్‌కాంగ్: రద్దు, పునర్జన్మ ==

మూడవ ఆట నిజానికి ఈ వరుస కోసం మొదలైనది కాదు. కెనడాలోని వాంకూవరుకు చెందిన యునైటెడ్ ఫ్రంట్ గేమ్స్ స్వతంత్రంగా ఆలోచించిన ఆటకు యాక్టివిజన్ తన చేతిలోని ట్రూ క్రైమ్ పేరు పెట్టినది. 2009 డిసెంబరులో దీనిని ప్రకటించారు. 2011 ఫిబ్రవరి 9న యాక్టివిజన్ దీనిని రద్దు చేసినది. ఇంకా ఖర్చు పెట్టినా ఈ కోవలోని అగ్రశ్రేణి ఆటలతో పోటీ పడలేదన్నది వారి వాదన. అదే రోజున గిటార్ హీరో వరుసను కూడా నిలిపివేశారు.

కొన్ని నెలలకు జపాను సంస్థ స్క్వేర్ ఎనిక్స్ ఈ ఆట ప్రచురణ హక్కులు తీసుకున్నది. ట్రూ క్రైమ్ అనే పేరు మాత్రం యాక్టివిజన్ వద్దనే ఉండిపోయినందున, 2012 ఆగస్టులో ఆట ''స్లీపింగ్ డాగ్స్'' పేరుతో విడుదలై మంచి ఆదరణ పొందినది.

కథానాయకుడు వెయ్ షెన్ చైనీయుల రహస్య నేర ముఠా అయిన ట్రయాడ్‌లోకి మారువేషంలో చేరిన పోలీసు. ఈసారి నగరాన్ని కొలిచి కట్టలేదు. హాంగ్‌కాంగ్ ద్వీపంలోని నార్త్ పాయింట్, సెంట్రల్, కెన్నెడీ టౌన్, అబర్డీన్ ప్రాంతాల పేర్లను, వాతావరణాన్ని తీసుకొని చిన్నదిగా కూర్చారు. రాత్రి అంగళ్ళు, బండ్ల మీద అమ్మే తినుబండారాలు, వర్షంలో మెరిసే దీపాల బోర్డులు, ఎడమ వైపు నడిచే వాహనాలు తెలుగు ఆటగానికి లాస్ ఏంజెలెస్ కంటే దగ్గరగా అనిపిస్తాయి. తుపాకుల కంటే చేతి పోరాటానికే ప్రాధాన్యం ఎక్కువ.

ఇక్కడ పాత త్రాసు పోయి మూడు కొలమానాలు వచ్చినవి: పోలీసు, ట్రయాడ్, పరువు. పోలీసు అంకెలు ట్రయాడ్ అంకెలను చెరిపివేయవు. ఒకే ఘట్టంలో రెండూ పెరగవచ్చును. తన స్నేహితులను మోసం చేయకుండా ఉద్యోగం చేయలేని మనిషి స్థితికి ఈ లెక్క సరిగ్గా సరిపోయినది. మొదటి ఆటలో తప్పిన గురి ఇక్కడ చాలా వరకు కుదిరినది.

2013 మార్చి నాటికి సుమారు 17.5 లక్షల ప్రతులు అమ్ముడైనా, అది తమ అంచనాకు తక్కువేనని స్క్వేర్ ఎనిక్స్ పేర్కొన్నది. దీనికి అనుబంధంగా తలపెట్టిన ''ట్రయాడ్ వార్స్'' పూర్తి స్థాయి విడుదలకు నోచుకోకుండానే 2016 జనవరిలో నిలిచిపోయినది. అదే సంవత్సరం అక్టోబరులో యునైటెడ్ ఫ్రంట్ గేమ్స్ కూడా మూతపడినది.

== హైదరాబాదులో ==

2000ల దశకంలో దిల్‌సుఖ్‌నగర్ వంటి కోచింగ్ కేంద్రాల ప్రాంతాలలో గంటల లెక్కన కంప్యూటర్ అద్దెకిచ్చే ఇంటర్నెట్ కేంద్రాలు విద్యార్థులకు ఇటువంటి ఆటలను పరిచయం చేసినవి. ఆటల తయారీలో కూడా నగరానికి స్థానం కలదు. హైదరాబాదుకు చెందిన ఎఫ్‌ఎక్స్‌ల్యాబ్స్ సంస్థ 2008లో ''గజిని'' హిందీ చిత్రం ఆధారంగా కంప్యూటర్ ఆటను రూపొందించినది. గేమ్‌శాస్త్ర సంస్థ ''డాన్ 2'' చిత్రాన్ని ప్లేస్టేషన్ ఆటగా మలిచినది. అది 2013లో విడుదలైనది. రెండూ నేర నేపథ్యం గలవే. అయితే రెండూ హిందీ సినిమా కథలను అనుసరించినవే గాని, తాము తయారైన నగరపు వీధులను రంగస్థలంగా తీసుకున్నవి కావు.