సేవకు యోగ్యతాపత్రం

బాయిలో మందు పేల్చాలంటే షాట్‌ఫైరర్‌కు సర్టిఫికెట్ ఉండాలి. సర్దారుకైనా, ఓవర్‌మన్‌కైనా అంతే. "నాకు పని వచ్చు" అంటే చాలదు. ఈ సంగతి గోదావరిఖనిలో చిన్నపిల్లలకు సైతం తెలుసు. అయితే గాయపడిన కార్మికుణ్ణి పైకి తెచ్చాక అతనికి సూదివేసే నర్సమ్మ యోగ్యతను ఎవరు పరీక్షించారని మనం ఎన్నడైనా అడిగామా? ఈ శతవత్సర సంచికలో ఆ చరిత్రను జ్ఞాపకం చేసుకొనుట యుక్తమని తలుస్తున్నాను.

మన దేశంలో నర్సుల శిక్షణకు మిషన్ ఆస్పత్రులు చేసిన సేవ గొప్పది. 1898లో గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లర్ ఆస్పత్రి ప్రారంభమైంది. 1909లో వేలూరులో డాక్టర్ ఐడా స్కడర్ ఆస్పత్రిలో నర్సుల శిక్షణ మొదలైంది. ఆ కాలంలో ఎన్నో కుటుంబాలు ఆడపిల్లలను ఈ పనికి పంపడానికి జంకేవి. క్రైస్తవ యువతులు, విధవరాండ్రు ధైర్యంగా ముందుకు వచ్చారు. అప్పటికి ఇక్కడ నర్సులకు చట్టమేదీ లేదు. ఏ ఆస్పత్రి పరీక్ష ఆ ఆస్పత్రిదే. అందుచేత మిషన్ ఆస్పత్రులు ఏకమై ఉమ్మడి పరీక్షా మండలులు ఏర్పరచుకొన్నాయి. చట్టం అడగకమునుపే తమ పనిని ఇతరుల పరీక్షకు అప్పగించిన వినయం అది.

నర్సులు కూడా సంఘటితులయ్యారు. 1905లో లక్నోలో నర్సింగ్ సూపరింటెండెంట్ల సంఘం, 1908లో ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ వెలిశాయి. 1910లో వారి పత్రిక వెలువడింది. 1922లో ఆ రెండు సంఘాలు ఒక్కటయ్యాయి.

1926లో మద్రాసు రాష్ట్రంలో నర్సులు, మంత్రసానుల చట్టం వచ్చింది. అర్హత గలవారి పేరు రిజిస్టరులో ఎక్కుతుంది. దుష్ప్రవర్తన రుజువైతే తొలగిపోతుంది. ఈ చట్టం కోస్తా, రాయలసీమలకు వర్తించింది గాని నైజాం ఏలుబడిలోని మన ప్రాంతానికి కాదు. 1946లో భోర్ కమిటీ దేశంలో 43,000 మందికి ఒక్క నర్సే ఉన్నదని తెలిపింది. 1947లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం దేశమంతటికీ ఒకే శిక్షణా ప్రమాణాన్ని ఉద్దేశించింది. 2023లో దాని స్థానే జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టాన్ని పార్లమెంటు ఆమోదించింది.

కౌన్సిలు, అసోసియేషన్ ఒకటి కావు. కౌన్సిలు రోగి పక్షాన నర్సు యోగ్యతను చూస్తుంది. అసోసియేషన్ నర్సు పక్షాన ఆమె గౌరవాన్ని, జీతభత్యాలను, చదువును గూర్చి మాట్లాడుతుంది. రెండూ అవసరమే.

ఇది ఎందుకు వ్రాస్తున్నానంటే, మన సంఘపు బిడ్డ ఒకతె దూరపు పట్టణంలో నర్సింగు చదివింది. బాయి పని చేసిన తండ్రి అప్పు తెచ్చి ఫీజు కట్టాడు. సత్ప్రవర్తన పత్రం వ్రాసి ఇచ్చింది నేనే. మూడేండ్ల తరువాత ఆ స్కూలుకు గుర్తింపు లేదని, ఆమె పేరు రిజిస్టరులో ఎక్కదని తెలిసింది. ఆ బిడ్డ నిర్దోషి. ముందుగా విచారించమని చెప్పవలసిన కాపరిని నేను చెప్పలేదు.

కెంక్రేయ సంఘ పరిచారకురాలైన ఫీబేను గూర్చి పౌలు రోమీయులకు వ్రాశాడు. ఆమెను ఎరుగని ఊరిలో ఆమెకు ఆ మాటే ఆధారం. రిజిస్టరులోని పేరు కూడా అటువంటి సాక్ష్యమే. కాబట్టి తలిదండ్రులారా, ఫీజు కట్టకమునుపే ఆ స్కూలుకు గుర్తింపు ఉన్నదా అని రాష్ట్ర నర్సింగ్ కౌన్సిలును అడగండి. ఉద్యోగంలో ఉన్న సహోదరీలారా, మీ అసోసియేషన్‌లో చేరి చిన్నవారికి తోడుండండి. రాత్రి షిఫ్టులో మన గాయాలు కట్టే ఆ చేతులను ప్రభువు బలపరచును గాక.