అండమాన్‌లో పెంపుడు కుక్కకు గ్రూమర్‌ను ఎంచుకోవడం ఎలా? కత్తెర పనితనం కంటే ముందు చూడాల్సినవి ఏమిటి?

పోర్ట్‌బ్లెయిర్‌లో ఏటా దాదాపు 3,000 మిల్లీమీటర్ల వర్షం పడుతుంది. విశాఖపట్నంలో కురిసే వానకు ఇది రెండు రెట్లకు మించి ఉంటుంది. మే నెలలో నైరుతి రుతుపవనాలతో మొదలైన వానలు, ఈశాన్య రుతుపవనాలు ముగిసే దాకా ఏదో ఒక రూపంలో కొనసాగుతూనే ఉంటాయి. వాన లేని రోజుల్లోనూ గాలిలో తేమ తగ్గదు.

ఉతికిన బట్టలే ఓ పట్టాన ఆరని ఇలాంటి చోట, స్నానం చేయించిన కుక్క ఒంటి మీద దట్టమైన బొచ్చు ఆరడం ఇంకా కష్టం. పైకి పొడిగా కనిపించినా, అడుగున చర్మాన్ని అంటుకుని ఉన్న పొర తడిగానే ఉండిపోతుంది. ఆ తడిలో బ్యాక్టీరియా, ఫంగస్ పెరుగుతాయి. కుక్క గోక్కోవడం, నాక్కోవడం మొదలుపెడితే, ఒక్క రోజులోనే అక్కడ బొచ్చు ఊడి పచ్చిపుండు పడుతుంది. పశువైద్యులు వీటిని 'హాట్ స్పాట్స్' అంటారు.

అందుకే 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన ఈ నగరంలో గానీ, చుట్టుపక్కల దీవుల్లో గానీ గ్రూమర్‌ను ఎంచుకునేటప్పుడు మొదట చూడాల్సింది బొచ్చు ఎంత అందంగా కత్తిరిస్తారన్నది కాదు. కుక్కను ఎంత బాగా ఆరబెడతారన్నది.

లైసెన్స్ ఉందా అని అడిగితే సరిపోతుందా?

సరిపోదు. కుక్కల బ్రీడింగ్, అమ్మకాల కోసం కేంద్ర ప్రభుత్వం 2017లో నిబంధనలు తెచ్చింది. పెట్ షాపులకు 2018లో వేరే నిబంధనలు వచ్చాయి. గ్రూమింగ్ వృత్తికి మాత్రం ఫలానా శిక్షణ పొంది, ఫలానా పరీక్ష పాసై ఉండాలనే జాతీయ స్థాయి నిబంధన లేదు. గోడకు తగిలించిన సర్టిఫికెట్ ఏదైనా ప్రైవేటు సంస్థ ఇచ్చిన కోర్సుదే అయి ఉంటుంది.

దుకాణానికి ఉండే వ్యాపార అనుమతి కూడా అక్కడ పనిచేసేవారి నైపుణ్యానికి హామీ కాదు. కాబట్టి తనిఖీ చేసుకోవాల్సిన బాధ్యత కుక్క యజమానిదే. పెద్ద నగరాల్లో ఒక చోట నచ్చకపోతే పక్క వీధిలో మరొకటి దొరుకుతుంది. దీవుల్లో ఆ వెసులుబాటు తక్కువ. పొరపాటు జరిగి స్పెషలిస్ట్ వైద్యం అవసరమైతే చెన్నైకో, కోల్‌కతాకో వెళ్లాల్సి రావచ్చు. ఓడలో అది రోజుల ప్రయాణం.

ఆరబెట్టే పద్ధతి ఎలా ఉండాలి?

స్నానం తర్వాత టవల్‌తో తడి బాగా అద్దాలి. ఆ తర్వాత చేత్తో పట్టుకునే బ్లోయర్‌తో, బొచ్చును దువ్వెనతో పాయలు తీస్తూ చర్మం కనిపించేలా ఆరబెట్టాలి. చెవుల వెనుక, చంకల్లో, కాలి వేళ్ల మధ్య, తోక మొదట్లో తడి మిగిలిపోతుంటుంది. కుక్కను తిరిగి తీసుకునేటప్పుడు ఈ నాలుగు చోట్లా వేలు పెట్టి చూస్తే పనితనం తెలిసిపోతుంది.

బోనులో పెట్టి వేడిగాలి వదిలి, మనిషి పక్కకు వెళ్లిపోయే పద్ధతి ప్రమాదకరం. కుక్కలకు మనుషుల్లా ఒళ్లంతా చెమట పట్టదు. అవి ప్రధానంగా వగర్చడం ద్వారానే ఒంటి వేడిని తగ్గించుకుంటాయి. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే అదీ సరిగా పనిచేయదు. పగ్, షిట్జు, బుల్‌డాగ్ లాంటి పొట్టి ముక్కు జాతులకు ముప్పు ఇంకా ఎక్కువ. కుక్క శరీర ఉష్ణోగ్రత మామూలుగా 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. అది 41 దాటితే ప్రాణాపాయమే.

వడదెబ్బ తగలకుండా గుండు చేయించవచ్చా?

పామరేనియన్, స్పిట్జ్, హస్కీ, గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్ లాంటి జాతులకు బొచ్చు రెండు పొరలుగా ఉంటుంది. ఎండ నేరుగా చర్మానికి తగలకుండా అదే కాపాడుతుంది. దాన్ని మిషన్‌తో మొదలంటా తీసేస్తే కొన్ని కుక్కలకు, ముఖ్యంగా పామరేనియన్లకు, నెలల తరబడి బొచ్చు తిరిగి రాదు. వచ్చినా అతుకులు అతుకులుగా వస్తుంది.

"వేడి కదా, మొత్తం తీసేద్దాం" అని సలహా ఇచ్చే గ్రూమర్ కంటే, "రాలిపోయే లోపలి బొచ్చును దువ్వి తీసేస్తే చాలు" అని చెప్పే గ్రూమర్ నయం. బొచ్చు ఉండలు కట్టి చర్మాన్ని లాగుతున్నప్పుడు మాత్రం కత్తిరించక తప్పదు. అలాంటప్పుడు ముందుగా యజమానికి చూపించి, ఒప్పుకున్నాకే మొదలుపెట్టాలి.

పిడుదుల మందు ఎవరు వేయాలి?

వెచ్చగా, తేమగా ఉండే చోట పిడుదులు ఏడాదంతా ఉంటాయి. వీటి ద్వారా ఎర్లీకియా, బబీసియా లాంటి సూక్ష్మజీవులు కుక్క రక్తంలోకి చేరతాయి. జ్వరం, తిండి మానేయడం, చిగుళ్లు పాలిపోవడం, ముక్కు నుంచి రక్తం కారడం ఈ జబ్బుల లక్షణాలు.

కుక్కల్ని పట్టే గోధుమరంగు పిడుదు గోడల పగుళ్లలో వేల సంఖ్యలో గుడ్లు పెడుతుంది. కాబట్టి గ్రూమింగ్ గది శుభ్రంగా లేకపోతే, పిడుదులు లేని కుక్క కూడా అక్కడి నుంచి వాటిని ఇంటికి మోసుకొస్తుంది. టైల్స్ సందులు, బోనుల మూలలు, బల్ల అడుగు భాగం చూడాలి.

'టిక్ బాత్'లో వాడే మందు పేరు అడగాలి. చాలా చోట్ల వాడే అమిట్రాజ్‌ను నీళ్లలో సరైన పాళ్లలో కలపాలి. ఎక్కువైతే కుక్క మత్తుగా పడిపోతుంది, గుండె వేగం తగ్గుతుంది. చిన్న పిల్లలకు, చివావా జాతికి, మధుమేహం ఉన్న కుక్కలకు ఇది తగదు. కోలీ జాతి కుక్కల్లో చాలావాటికి ఐవర్‌మెక్టిన్ పెద్ద మోతాదులో పడదు. ఇంట్లో పిల్లి కూడా ఉంటే పర్మెత్రిన్ ఉన్న మందులు వద్దని చెప్పాలి. అది పిల్లికి విషం.

మెడ మీద చుక్కలుగా వేసే మందు వాడుతుంటే, దానికి ముందు, తర్వాత రెండేసి రోజులు స్నానం లేకుండా చూసుకోవడం మంచిది.

నీళ్ల సంగతి ఎందుకు అడగాలి?

వానలు ఇంతగా కురిసినా, వేసవిలో పోర్ట్‌బ్లెయిర్‌కు నీటి కొరత తప్పదు. నగరానికి ప్రధాన ఆధారమైన ధనిఖరి డ్యామ్‌లో మట్టం పడిపోతే సరఫరా తగ్గిస్తారు. అలాంటి రోజుల్లో ఒకే టబ్బు నీటిలో రెండు మూడు కుక్కలకు స్నానం చేయిస్తున్నారేమో గమనించాలి. షాంపూ సరిగా కడగకపోయినా చర్మం దెబ్బతింటుంది.

దీనికి లెప్టోస్పైరోసిస్ ముప్పు తోడవుతుంది. 1980ల చివర్లో అండమాన్‌ను భయపెట్టిన 'అండమాన్ హెమరేజిక్ ఫీవర్' నిజానికి లెప్టోస్పైరోసిస్ అని తర్వాత పరిశోధనల్లో తేలింది. పోర్ట్‌బ్లెయిర్‌లోని ఐసీఎంఆర్ ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రం ఈ వ్యాధిపై చాలా ఏళ్లుగా పనిచేస్తోంది. ఎలుకలు, పశువులు, కుక్కల మూత్రంతో కలుషితమైన నీరు, బురద ద్వారా ఇది జంతువులకూ మనుషులకూ సోకుతుంది.

కాబట్టి మురుగు నిలవని నేల, ఎలుకలు చేరని నిల్వ గది, చేతులకు గ్లౌజులు చూడదగ్గ విషయాలు. కుక్క టీకా కార్డు కూడా ఒకసారి చూసుకోవాలి. అన్ని కంబైన్డ్ టీకాల్లోనూ లెప్టో ఉండదు. అందరి టీకా కార్డులూ అడిగి చూసే గ్రూమర్ జాగ్రత్తపరుడన్నమాట.

ఏ పని గ్రూమర్ చేయకూడదు?

ఇంజెక్షన్ ఇవ్వడం, మత్తుమందు పెట్టడం, పుండుకు వైద్యం చేయడం పశువైద్యుల పని. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం, వైద్యం చేయాలంటే రిజిస్టర్డ్ పశువైద్యులై ఉండాలి. "మీ కుక్క కదులుతోంది, చిన్న మాత్ర వేస్తాం" అంటే ఒప్పుకోవద్దు. చెవి నుంచి దుర్వాసన, చీము వస్తుంటే శుభ్రం చేసి పంపడం కాదు, డాక్టరుకు చూపించమని చెప్పడమే గ్రూమర్ బాధ్యత.

వదిలి వెళ్లే ముందు అడగాల్సినవి

పని జరుగుతుండగా చూడనిస్తారా? లోపలికి రానివ్వకపోయినా అద్దంలోంచో, కెమెరాలోనో చూసే వీలుండాలి.

ఏ షాంపూ వాడతారు? కుక్క చర్మానికి మనుషుల షాంపూ సరిపడదు.

ఒక కుక్కకు వాడిన బ్లేడు, కత్తెర, దువ్వెన మరో కుక్కకు వాడేముందు ఎలా శుభ్రం చేస్తారు?

గోరు లోతుగా తెగి రక్తం వస్తే ఏం చేస్తారు? రక్తాన్ని ఆపే పొడి చేతికందేలా ఉండాలి.

కుక్క భయపడితే ఆపేస్తారా? "అన్నీ మొరాయిస్తాయి, మేం చూసుకుంటాం" అనే జవాబు సరైంది కాదు.

అత్యవసరమైతే ఏ పశువైద్యుడిని పిలుస్తారు?

తేడా వస్తే ఏం చేయాలి?

ముందు పశువైద్యుడికి చూపించి, గాయం వివరాలు రాయించుకోవాలి. కుక్కను అప్పగించేటప్పుడు ఫొటో తీసుకోవడం, బిల్లు అడిగి తీసుకోవడం అలవాటు చేసుకుంటే అవే తర్వాత ఆధారాలవుతాయి. డబ్బు చెల్లించి పొందిన సేవలో లోపానికి వినియోగదారుల రక్షణ చట్టం-2019 కింద రెండేళ్లలోగా జిల్లా కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. 1915 జాతీయ హెల్ప్‌లైన్ నంబరు. కొట్టడం లాంటివి జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం-1960 కింద నేరమే. అయితే అందులోని 11వ సెక్షన్ కింద తొలి నేరానికి జరిమానా ఇప్పటికీ 10 నుంచి 50 రూపాయలే.

అందుకే తర్వాత ఫిర్యాదు చేయడం కంటే ముందే పరీక్షించుకోవడం మేలు. మొదటిసారి పూర్తి గ్రూమింగ్ చేయించకుండా గోళ్లు తీయించడం, దువ్వించడం వరకే ఆగాలి. రెండోసారి అదే గుమ్మం దగ్గర కుక్క తోక ఆడిస్తుందా, కాళ్ల మధ్య ముడుచుకుంటుందా అన్నది చూడాలి. లోపల ఏం జరిగిందో యజమానికి తెలియకపోయినా దానికి తెలుసు.