నీళ్ళ పంపు కంటే ముందు



హెలెన్ కెల్లర్ కథ మనలో చాలామందిమి చిన్నప్పుడే విన్నాము. చూపూ వినికిడీ లేని ఆ పాప ఒక చేతి మీద నీళ్ళు పడుతుండగా, రెండో చేతిలో టీచరమ్మ వేళ్ళతో రాసిన అక్షరాలు ఆ నీళ్ళ పేరేనని గ్రహించింది. అది 1887 ఏప్రిల్ 5. పాప సంగతి అందరికీ తెలుసు. ఈ వారం ఆ టీచరమ్మను గురించి ఆలోచించుదాము. ఆ పనిలో ఆమెకు తృప్తి ఎక్కడ దొరికింది?

ఆన్ సల్లివన్ 1866లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, పేద ఐరిష్ కుటుంబంలో పుట్టింది. కంటిజబ్బు వల్ల చిన్నతనంలోనే చూపు చాలావరకు పోయింది. తల్లి చనిపోయింది, తండ్రి వదిలేశాడు. 1876లో ఆమెనూ తమ్ముడు జిమ్మీనీ ట్యూక్స్‌బరీ అనే చోట దిక్కులేనివారి ఆశ్రమంలో చేర్చారు. కొన్ని నెలలకే తమ్ముడు అక్కడే కన్నుమూశాడు. 1880లో బోస్టన్‌లోని పెర్కిన్స్ అంధుల పాఠశాలకు వచ్చేనాటికి ఆమెకు పద్నాలుగేళ్ళు. చదవడం, రాయడం రాదు. ఆపరేషన్ల వల్ల చూపు కొంత తిరిగి వచ్చింది. 1886లో తన తరగతిలో మొదటి స్థానంలో నిలిచి చదువు ముగించింది.

చదువైతే అయింది గాని, వెళ్ళడానికి ఇల్లు లేదు. అప్పుడు వచ్చిన ఉద్యోగమే హెలెన్‌కు చదువు చెప్పడం. ఇక్కడొకటి గమనించండి. ఇది తన జన్మకు ఏర్పడిన సేవ అని ఆమె వెళ్ళలేదు. బతుకుతెరువు కావాలి గనుక, ఎదురైన మొదటి అవకాశాన్ని పట్టుకున్నానని తరువాత తానే దాచకుండా చెప్పింది. తృప్తి ముందుగా ఉండి పనిలోకి పిలవలేదు, పని చేయగా చేయగా వచ్చింది.

అయితే ఆమె చేతికి ఒక విద్య అప్పటికే అబ్బింది. పెర్కిన్స్‌లో లారా బ్రిడ్జ్‌మన్ అనే పెద్దావిడ ఉండేది. ఆమెకూ చూపు లేదు, వినికిడి లేదు. ఆమెతో ముచ్చటించడానికే ఆన్ వేళ్ళ అక్షరాలు నేర్చుకుంది. ఆన్ అలబామాకు బయలుదేరేటప్పుడు పెర్కిన్స్‌లోని చూపులేని పిల్లలు హెలెన్ కోసం ఒక బొమ్మను పంపితే, ఆ బొమ్మకు గౌను వేసి ముస్తాబు చేసింది లారాయే.

1887 మార్చి 3న ఆన్ టస్కంబియా చేరింది. హెలెన్ అందరి కంచాల్లో చేయి పెట్టి తినేది, అడ్డొస్తే కొట్టేది. ఒక ఉదయం ఆన్ భోజనాల గది తలుపు వేసి, పాప చెంచాతో తినేవరకు, తుండుగుడ్డ మడతపెట్టేవరకు పట్టు విడువలేదు. ఆ పోరాటం ముగిశాక తన గదిలోకి వెళ్ళి మంచం మీద వాలి ఏడ్చేసింది. ఆ తరువాత పాపను తీసుకుని తోటలోని చిన్న ఇంట్లోకి మారింది.

మార్చి 20న ఆన్ ఒక ఉత్తరం రాసింది. తన మనసు సంతోషంతో పాడుతున్నదని, అద్భుతం జరిగిందని అందులో చెప్పింది. ఏమిటా అద్భుతం? పాప ఎర్ర ఊలు దారంతో అల్లుకుంటూ ఆమె పక్కన నెమ్మదిగా కూర్చుంది. అంతే! నీళ్ళ పంపు దగ్గర జరిగినదానికి ఇంకా పదహారు రోజులుంది. హెలెన్‌కు ఒక్క మాటకైనా అర్థం తెలియదు. అయినా టీచరమ్మకు పండుగైపోయింది.

అక్కడి నుండి దాదాపు యాభై ఏళ్ళు ఆ చేయి ఈ చేతిలో రాస్తూనే ఉంది. కాలేజీ పాఠాలన్నీ అలాగే వేళ్ళతో చెప్పగా, 1904లో హెలెన్ రాడ్‌క్లిఫ్ కాలేజీలో పట్టా పొందింది. ఆ చదువులకు ఆన్ కళ్ళు మరింత అలిసిపోయాయి. చివరి రోజుల్లో ఆమెకు చూపు దాదాపు లేదు. 1936లో ఆమె మరణించింది.

ప్రియులారా, ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నామంటే, మా వల్ల ఒక తప్పు జరిగింది. మాకు తెలిసిన ఒక అమ్మాయి మండలంలోని భవిత కేంద్రంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెబుతుంది. కేంద్రానికి రాలేని పిల్లల ఇళ్ళకు తానే వెళ్తుంది. జీతం తక్కువ, తిరుగుడు ఎక్కువ. "ఇంకేదైనా మంచి ఉద్యోగం చూసుకోమ్మా" అని మేమే ఒకసారి సలహా ఇచ్చాము. ఆమె నొచ్చుకోలేదు. "అయ్యగారూ, ఎనిమిది నెలలకు మా బాబు చొక్కా గుండీ తానే పెట్టుకున్నాడండీ. ఆ రోజు వాళ్ళమ్మ మొహం మీరు చూడలేదు" అంది.

మేము మళ్ళీ మాట్లాడలేకపోయాము. మేము పంపు దగ్గర నిలబడి నీళ్ళకోసం చూస్తున్నాము. ఆ అమ్మాయి ఎర్ర దారం దగ్గరే పండుగ చేసుకుంటున్నది.

మీ ఊళ్ళో ఇలాంటి పని చేసే టీచరమ్మ ఉంటే, ఫలితమేమిటని అడగకండి. ఈ వారం పిల్లలు ఏం చేశారని అడగండి. కూర్చుని వినండి. జీతం సరిపోవడం లేదంటే ఆమె తరఫున నాలుగు మాటలు అధికారులతో మాట్లాడండి. ఆమె తృప్తిని చూపించి, ఆమెకు రావలసినది తగ్గించకూడదు గదా!