జీపులో రెండో రాడ్డు ఎందుకంత బిగుసుకుంటుంది? 1940 నుంచి నడుస్తున్న కథ

ఈ ఎపిసోడ్ ఒక తన్నుతో మొదలవుతుంది. తన్నింది నేనే.

పోయినేడాది వానాకాలం. మా బాబాయి పాత జీపు వేసుకుని లంబసింగి వైపు వెళ్లాను. పైన మట్టి రోడ్డులో బురద, అందుకే ఫోర్ వీల్ డ్రైవ్ వేశా. హాయిగా ఎక్కేసింది. దిగేటప్పుడు తారు రోడ్డు వచ్చింది, నేను రాడ్డు వెనక్కి తీయడం మర్చిపోయా. ఘాట్ రోడ్డు మలుపులన్నీ అలాగే దిగిపోయా. నర్సీపట్నం దగ్గరకొచ్చాక స్టీరింగ్ బరువెక్కింది, మలుపు తిప్పుతుంటే బండి ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు గునుస్తోంది. అప్పుడు గుర్తొచ్చింది. రాడ్డు లాగాను. రాలేదు. రెండు చేతులతో లాగాను. రాలేదు. నాలుగేళ్లు కోడింగ్ చేసినవాణ్ణి కదా, ఎర్రర్ వస్తే ముందు రీస్టార్ట్ చేస్తాం. ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేశా. రాలేదు. ఇక మడమతో ఒక్క తన్ను తన్నా. లోపల టక్‌మని చప్పుడు, రాడ్డు వదులైపోయి పిల్లల బొమ్మలా ఊగుతోంది. బండి మాత్రం ఇంకా ఫోర్ వీల్‌లోనే ఉంది.

అక్కడే ఒక షెడ్డుకి తీసుకెళ్తే, బాక్స్ మొత్తం దించాలి, 42 వేలు అవుతుంది అన్నారు. బండి విలువే ఎంతో నాకు తెలీదు. ఆ రాత్రి పాత బండ్లు కొనేవాళ్ల నంబర్లు వెతికాను, నిజం చెప్తున్నా.

బాబాయి ఆ జీపు మీద పదిహేనేళ్లు సర్వీసు కొట్టాడు. చింతపల్లి సంతకి జనాన్ని ఎక్కించుకుని వెళ్లేవాడు. మా చెల్లి చదువు ఆ బండి మీదే నడిచింది. అలాంటి బండిని నేను ఒక్క పూటలో పాడుచేశానని ఆయనకి ఎలా చెప్పాలి? ఆ సంగతి చివర్లో చెప్తా. ముందు అసలు ప్రశ్న చూద్దాం. ఆ రాడ్డు ఎందుకు రాలేదు? దానికి జవాబు కోసం 1940లో అమెరికా వెళ్లాలి.

యూరప్‌లో యుద్ధం నడుస్తోంది. అమెరికా సైన్యానికి గుర్రాలు, సైడ్ కార్ బైకుల స్థానంలో ఒక చిన్న తేలికపాటి బండి కావాలి. 1940 జూలైలో 135 కంపెనీలకి కబురు పంపారు. షరతులు చూస్తే నవ్వొస్తుంది. నాలుగు చక్రాలకీ శక్తి వెళ్లాలి, బండి బరువు 1,300 పౌండ్లు, అంటే సుమారు 590 కిలోలు దాటకూడదు, మొదటి బండి 49 రోజుల్లో చేతికి రావాలి. మన ఐటీలో క్లయింట్లు నయం అనిపించింది నాకు.

పెన్సిల్వేనియాలో బట్లర్ అనే ఊళ్లో అమెరికన్ బాంటమ్ అని ఒక కంపెనీ, దాదాపు దివాలా అంచున ఉంది. వాళ్లు కార్ల్ ప్రాబ్‌స్ట్ అనే ఇంజినీర్‌ని పిలిచారు. ఆయన రెండు మూడు రోజుల్లో డ్రాయింగులు గీసేశాడు. కొత్త భాగాలు తయారు చేసుకునే టైమ్ ఎక్కడుంది? స్టూడిబేకర్ కారు యాక్సిళ్లని మార్చి పెట్టారు, వాటినీ ట్రాన్స్‌ఫర్ కేస్‌నీ స్పైసర్ కంపెనీ ఇచ్చింది. సెప్టెంబర్ 23న మేరీల్యాండ్‌లోని క్యాంప్ హోలబర్డ్‌కి, గడువుకి అరగంట ముందు, ఆ బండిని నడుపుకుంటూ తీసుకొచ్చారు. బరువు మాత్రం 800 కిలోలు దాటింది. అయినా సైన్యానికి నచ్చింది.

తర్వాత జరిగింది బాంటమ్‌కి అన్యాయమే అంటాను నేను. వాళ్ల డ్రాయింగుల్ని విల్లీస్‌కీ, ఫోర్డ్‌కీ చూపించారు. పెద్ద ఆర్డరు 1941లో విల్లీస్‌కి వెళ్లింది, వాళ్ల ఇంజిన్‌కి 60 హార్స్ పవర్ ఉంది, రేటూ తక్కువ చెప్పారు. ఆ తర్వాత అదే డిజైన్‌తో ఫోర్డ్ కూడా తయారు చేసింది. యుద్ధం అయ్యేసరికి ఇద్దరూ కలిపి 6 లక్షలకు పైగా బండ్లు దించారు. బాంటమ్‌కి చివరికి ట్రైలర్లు మిగిలాయి.

ఇప్పుడు ఆ విల్లీస్ లోపలికి చూద్దాం. నేల మీద మామూలు గేర్ రాడ్డు కాకుండా ఇంకో రెండు చిన్న రాడ్లు ఉంటాయి. ఒకటి ముందు యాక్సిల్‌కి శక్తి కలపడానికి, రెండోది హై, లో మార్చడానికి. లో వేస్తే చక్రాల దగ్గర బలం దాదాపు రెట్టింపు అవుతుంది, వేగం సగానికి పడిపోతుంది. ముందు యాక్సిల్ కలపకుండా లో పడదు, లోపల ఒక అడ్డు పెట్టారు. ఎందుకంటే ఆ బలమంతా వెనక యాక్సిల్ ఒక్కదాని మీద పడితే అది తట్టుకోలేదు.

కానీ ఒక వస్తువు అందులో లేదు. కథంతా అక్కడే ఉంది. దాని పేరు సెంటర్ డిఫరెన్షియల్.

నెమ్మదిగా చెప్తా, ఇది పట్టుకుంటే మిగతాదంతా వచ్చేస్తుంది. బండిని ఇసుకలో గుండ్రంగా తిప్పి, దిగి గుర్తులు చూడండి. ముందు చక్రాల వలయం పెద్దది, వెనక చక్రాలది చిన్నది. అంటే ముందు చక్రాలు ఎక్కువ దూరం నడిచాయి. నేను లెక్క వేశా. విల్లీస్‌లో ముందు యాక్సిల్‌కీ వెనక యాక్సిల్‌కీ మధ్య 80 అంగుళాలు, రెండు మీటర్ల పైన కొంచెం. వెనక యాక్సిల్ 5 మీటర్ల వ్యాసార్థంతో ఒక చుట్టు తిరిగితే సుమారు 31.4 మీటర్లు నడుస్తుంది. ముందుది 33.9 మీటర్లు. తేడా రెండున్నర మీటర్లు, ఆ టైరు ఒక పూర్తి చుట్టు కంటే ఎక్కువే. ఒక్క యూ టర్న్ కొడితే ఇందులో సగం.

ఇప్పుడు ఫోర్ వీల్ డ్రైవ్ వేశారనుకోండి. సెంటర్ డిఫరెన్షియల్ లేదు కాబట్టి ముందు షాఫ్టూ వెనక షాఫ్టూ ఒకే వేగంతో తిరగాలి, వేరే దారి లేదు. మరి ఆ రెండున్నర మీటర్లు ఎక్కడికి పోతాయి? బురదలో అయితే టైరు కొంచెం జారి లెక్క సరిచేసేస్తుంది, మనకి తెలీను కూడా తెలీదు. పొడి తారు మీద టైరు జారదు. అప్పుడు షాఫ్టులు, యాక్సిళ్లు, గేర్ల పళ్లు అన్నీ తడి తువ్వాలు పిండినట్టు మెలిపడతాయి. ఇంగ్లీషువాళ్లు దీన్నే వైండప్ అంటారు. గడియారానికి కీ ఇచ్చినట్టు అన్నమాట.

మన రాడ్డు కింద ఉండేది పళ్లున్న ఒక జారే ముక్క. అది ముందుకి జరిగితే ముందు షాఫ్టు కలుస్తుంది, వెనక్కి జరిగితే విడిపోతుంది. మెలిపడిన షాఫ్టుల బలమంతా ఆ పళ్ల మీద ఒరుసుకుని కూర్చుంటే అది జారుతుందా? చేత్తో లాగినా జారదు, మడమతో తన్నినా జారదు. తుప్పు పట్టలేదు, చెడిపోలేదు. పిండిన తువ్వాలుని వదలమని అడక్కుండా లాగుతున్నాం, అంతే.

మరి ఆ డిఫరెన్షియల్ పెట్టొచ్చుగా? పెట్టొచ్చు. కానీ అది బరువు, ఖర్చు, టైమ్. పైగా దాంట్లో ఇంకో తలనొప్పి ఉంది, ఒక చక్రం బురదలో ఊరికే తిరిగితే శక్తంతా అటే పోతుంది. దానికి మళ్లీ తాళం పెట్టాలి. 49 రోజుల గడువు, 590 కిలోల షరతు ఉన్నవాళ్లు ఏం చేస్తారు? వదిలేశారు. బదులుగా డ్యాష్‌బోర్డు మీద ఒక ప్లేటు కొట్టారు, పొడి గట్టి రోడ్డు మీద ముందు యాక్సిల్ తీసేయమని. హార్డ్‌వేర్‌లో చేయాల్సింది డాక్యుమెంటేషన్‌లో చేశారు. మన ఫీల్డ్‌లో ఇది రోజూ చూసేదే, తప్పు పట్టలేను. ఆ బండి చేయాల్సిన పని అది చేసింది.

మిగతావాళ్లు ఊరుకోలేదు. 1948లో వచ్చిన ల్యాండ్ రోవర్ మొదట్లో నాలుగు చక్రాలకీ ఎప్పుడూ శక్తి పంపేది, కానీ ముందు వైపు సైకిల్ ఫ్రీవీల్ లాంటిది పెట్టారు. ముందు చక్రాలు ఎక్కువ తిరగాలంటే తిరగనివ్వడానికి. నాకు భలే నచ్చిన ఆలోచన ఇది. కొన్నేళ్లకే దాన్ని తీసేసి, వాళ్లూ రెండు రాడ్ల దారికి వచ్చేశారు. పసుపు గుండీ నొక్కితే ఫోర్ వీల్ హై, ఎర్ర రాడ్డు వెనక్కి లాగితే లో. మళ్లీ టూ వీల్ కావాలంటే పసుపు గుండీని లాగితే రాదు. ఎర్ర రాడ్డుని లో వరకూ లాగి మళ్లీ ముందుకి తోయాలి, అప్పుడు పసుపుది తనంతట పైకి లేస్తుంది. ఈ సంగతి తెలియక ఆ పసుపు గుండీతో కుస్తీ పట్టినవాళ్లు ఎంతమంది ఉంటారో! అదే కంపెనీ 1970లో రేంజ్ రోవర్‌కి సెంటర్ డిఫరెన్షియల్ పెట్టింది, తాళంతో సహా.

ఇక మన దేశం. 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్ అని ఒక ఉక్కు వ్యాపారం మొదలైంది. విభజన తర్వాత మాలిక్ గులాం మహమ్మద్ పాకిస్తాన్ వెళ్లి అక్కడ ఆర్థిక మంత్రి, తర్వాత గవర్నర్ జనరల్ అయ్యారు. 1948లో ఇక్కడి పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. అప్పటికే 1947లో విల్లీస్ జీపుల్ని విడి భాగాలుగా తెప్పించి బొంబాయిలో బిగించడం మొదలుపెట్టారు. అమెరికాలో మోడళ్లు మారిపోయినా ఇక్కడ ఆ వంశం దశాబ్దాల పాటు కొనసాగింది. 1985లో మారుతి జిప్సీ వచ్చింది, దానికి రాడ్డు ఒక్కటే, అందులోనే టూ హై, ఫోర్ హై, ఫోర్ లో. కానీ లోపల సూత్రం అదే, సెంటర్ డిఫరెన్షియల్ లేదు. 2020లో వచ్చిన థార్, 2023లో వచ్చిన జిమ్నీ కూడా రాడ్డుతోనే వచ్చాయి. అంటే టచ్ స్క్రీన్ పక్కన ఇప్పటికీ 1940 నాటి నిర్ణయం కూర్చుని ఉంది.

ఏజెన్సీలో జీపు నడిపిన తరానికి ఈ లెక్కలేవీ తెలీదు. కానీ విషయం తెలుసు. నాకు రెండూ తెలుసనుకున్నాను, అదీ సమస్య.

సరే, బాబాయి దగ్గరకొద్దాం. మర్నాడు ఫోన్ చేసి చెప్పేశా. బస్సెక్కి వచ్చాడు. వదులైన రాడ్డు ఊపి చూసి, "ఏట్రా, పశువుని తన్నినట్టు తన్నేసినావా?" అన్నాడు. అంతే, ఇంకేం అనలేదు. తిట్టుంటే బాగుండేది.

పక్కన మట్టి జాగా ఉంటే బండి అక్కడికి తీసుకెళ్లమన్నాడు. స్టీరింగ్ సూటిగా పెట్టి, రివర్స్‌లో మెల్లగా పది పదిహేను అడుగులు పొమ్మన్నాడు. కింద ఎక్కడో గట్టిగా ఒక చప్పుడు వచ్చింది, బండి ఊపిరి వదిలినట్టు. ఇంజిన్ ఆపించి, చక్రాలకి రాళ్లు పెట్టించి, గోనె సంచి పరిచి కిందకి దూరాడు. రాడ్డుని లోపలి కడ్డీకి కలిపే పిన్ను విరిగింది, నా తన్నుకి విరిగింది అదే. కడ్డీని చేత్తో పట్టుకుని లాగాడు. వెన్నలో చెంచా లాగినట్టు వచ్చేసింది. బాక్స్ దించక్కర్లేదు. పిన్నూ, గ్రీజూ కలిపి రెండొందలు కూడా కాలేదు.

బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ టైర్ల వైపు చూశాడు. "ముందువి కొత్తవేసినావా?" అన్నాడు. అవును, డబ్బులు మిగులుతాయని ముందు రెండే మార్చాను. వెనకవి అరిగిపోయి ఉన్నాయి. అరిగిన టైరు చుట్టుకొలత తక్కువ, అంటే సూటిగా వెళ్తున్నా ముందుకీ వెనక్కీ లెక్క కుదరదు, మలుపు లేకుండానే మెలిపడుతుంది. బీటెక్ చదివి, వ్యాసార్థాలు లెక్కలు వేసే నాకు ఇది తట్టలేదు.

మీ బండిలో రాడ్డు బిగుసుకుంటే చేయాల్సింది ఇంతే. బయటికి రాకపోతే సూటిగా కొంచెం రివర్స్ చేసి, యాక్సిలరేటర్ వదిలి మెత్తగా లాగండి. లోపలికి పడకపోతే పళ్లు ఎదురెదురుగా నిలబడి ఉంటాయి, బండిని అడుగు ముందుకి దొర్లనిచ్చి మళ్లీ వేయండి. ఫోర్ లో అయితే బండి ఆపి, క్లచ్ తొక్కి. ఇవన్నీ చేసినా ప్రతిసారీ బిగుసుకుంటుంటే అప్పుడు రాడ్డు జాయింట్లలో తుప్పు, ఎండిపోయిన గ్రీజు, అరిగిన బుష్‌లు, బాక్స్‌లో ఆయిల్ చూపించుకోండి. నెలల తరబడి వాడకపోయినా అది పట్టేస్తుంది.

బండి అమ్మలేదు. వెనక టైర్లు కూడా మార్చాను. ఇప్పుడు నెలకోసారి ఆదివారం బాబాయి వీడియో కాల్ చేస్తాడు. ఫోన్ డ్యాష్‌బోర్డు మీద పెట్టి, ఇంటి వెనక మట్టిలో ఫోర్ వీల్ వేసి పది అడుగులు పోయి, తీసి చూపించాలి. చప్పుడు విని "సరే, పెట్టేయ్" అంటాడు. కాల్ కట్ చేయమనా, రాడ్డు పెట్టమనా అన్నది నాకింకా అర్థం కాలేదు. ఉంటాను మరి.