పాత బెంజ్, బీఎండబ్ల్యూ కొన్నారా..? బ్రేక్ డిస్క్‌లు మార్చే ముందు ఈ విషయాలు చూస్కోండి

కొత్త హ్యాచ్‌బ్యాక్ పెట్టే డబ్బుకే పది, పదిహేనేళ్ల నాటి బెంజ్ ఈ-క్లాసో, బీఎండబ్ల్యూ 5 సిరీసో ఇంటి ముందుకు వచ్చేస్తోంది. కొన్న ఆనందం చాలామందికి మొదటి సర్వీస్ దాకానే. "సార్, డిస్కులు అయిపోయాయి, నాలుగూ మార్చాలి" అని మెకానిక్ చెప్పగానే గుండె జారుతుంది. షోరూమ్ చెప్పే రేటు ఒకటి, ఆటోనగర్‌లో చెప్పేది ఇంకొకటి, ఆన్‌లైన్‌లో కనిపించేది మరొకటి. ఇందులో ఏది తీసుకోవాలి? అసలు మార్చాల్సిన అవసరం ఉందా? ఓ లుక్కేయండి.

డిస్క్ పని ఏంటి?

కంపెనీ భాషలో రోటర్, షెడ్డు భాషలో డిస్క్ ప్లేట్. రెండూ ఒకటే. చక్రంతో పాటు తిరిగే పోత ఇనుము పళ్లెం ఇది. పెడల్ తొక్కగానే క్యాలిపర్‌లోని ప్యాడ్‌లు దీన్ని రెండు వైపులా నొక్కి పట్టుకుంటాయి. కారు వేగమంతా వేడిగా మారి ఈ పళ్లెంలోకే ఎక్కుతుంది. మనుషులతో కలిపి 1,800 కిలోలున్న కారు 100 కిలోమీటర్ల వేగం నుంచి ఆగిందంటే, రెండు లీటర్లకు పైగా నీళ్లను మామూలు వేడి నుంచి మరిగే దాకా కాచేంత వేడి కొన్ని సెకన్లలోనే పుడుతుంది. అది ఒక్కసారి బ్రేక్ కొడితేనే.

ఇప్పుడు శ్రీశైలం ఘాట్‌లోనో, తిరుమల దిగే దారిలోనో మలుపు మలుపుకీ బ్రేక్ తొక్కడం ఊహించుకోండి. అరిగి పలచబడిన డిస్క్‌కు వేడిని దాచుకునే ఇనుము తక్కువ. ఆ వేడి ప్యాడ్‌ల మీదుగా క్యాలిపర్‌లోకి, అక్కడి నుంచి బ్రేక్ ఆయిల్‌లోకి పాకుతుంది. డాట్ 4 బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. గాలిలోని తేమ తాగిన పాత ఆయిల్ మాత్రం 155 డిగ్రీలకే మరిగే స్థితికి రావచ్చు. ఆయిల్ మరిగితే లోపల బుడగలు పుడతాయి. పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది, బండి మాత్రం ఆగదు. పాత కారు కొన్నవాళ్లు డిస్కుల గురించి ఇంతగా పట్టించుకోవాల్సింది ఇందుకే.

మార్చాలా వద్దా.. చెప్పేది మైక్రోమీటరే

ప్రతి డిస్క్ అంచు మీదో, మధ్యలోని టోపీ భాగం మీదో 'మిన్ టీహెచ్' అని ఒక అంకె కొట్టి ఉంటుంది. ఉండాల్సిన కనీస మందం అదే. ఉదాహరణకు ఎఫ్10 తరం బీఎండబ్ల్యూ 520డీ ముందు డిస్క్ కొత్తగా 24 మి.మీ. మందం ఉంటుంది, కనీస మందం 22.4 మి.మీ. అంటే అరగడానికి ఉన్న అవకాశం మొత్తం 1.6 మి.మీ., ఒక్కో వైపు 0.8 మాత్రమే. కంటితో చూసి "ఇంకా ఏడాది లాగుతుంది" అనడానికి వీల్లేని తేడా ఇది.

కొలిచేటప్పుడూ ఓ చిక్కుంది. ప్యాడ్ తగలని బయటి అంచు అరగదు, గట్టులా మిగిలిపోతుంది. మామూలు వెర్నియర్ దవడలు ఆ గట్టు మీదే ఆగిపోయి మందం ఎక్కువ చూపిస్తాయి. అందుకే మైక్రోమీటర్‌తో, ప్యాడ్ తిరిగే దారిలో, చుట్టూ కనీసం ఆరేడు చోట్ల కొలవమని అడగాలి. అన్నిట్లోకి తక్కువ వచ్చిన అంకెనే లెక్కలోకి తీసుకోవాలి.

మందం బాగానే ఉన్నా అంచు నుంచి లోపలికి పగుళ్లు కనిపిస్తే డిస్క్ మార్చేయాల్సిందే. వానాకాలంలో వారం నిలబెట్టిన బండి డిస్కుల మీద కనిపించే ఎర్ర తుప్పు మాత్రం నాలుగు బ్రేకులకు పోతుంది, దానికి కంగారు అక్కర్లేదు. విశాఖ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో నెలల తరబడి కదలని బండి అయితే వేరే కథ. తుప్పు గుంటలు పడేంతగా తినేస్తుంది.

బ్రేక్ కొట్టినప్పుడు స్టీరింగ్ వణుకుతుంటే "డిస్క్ బెండ్ అయింది" అనేస్తారు. నిజానికి చాలాసార్లు అది వంపు కాదు. డిస్క్ కూర్చునే హబ్ మీద తుప్పు పొర ఉంటే డిస్క్ వెంట్రుకవాసి ఒంకరగా బిగుస్తుంది. తిరిగిన ప్రతిసారీ ప్యాడ్ ఒకే చోట తగిలి, వేల కిలోమీటర్ల తర్వాత అక్కడ మందం మారిపోతుంది. వణుకు అక్కడి నుంచే. హబ్ శుభ్రం చేయకుండా కొత్త డిస్క్ వేస్తే కొన్నాళ్లకు మళ్లీ అదే వణుకు, మళ్లీ అదే బిల్లు.

ఇక లేత్ మీద డిస్క్ స్కిమ్మింగ్ చేయిస్తే సరిపోతుందన్న సలహా ప్రతి షెడ్డులో వినిపిస్తుంది. రెండు వైపులా చెక్కాక కూడా కనీస మందానికి పైన ఉంటేనే అది పనికొస్తుంది. పైన చెప్పిన 1.6 మి.మీ. లెక్కలో చెక్కడానికి మిగిలేది ఎంతో మీరే చూస్కోవచ్చు.

ఒకే మోడల్.. సైజులు వేరు

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. "5 సిరీస్ 2012 మోడల్" అని చెప్పి ఆర్డర్ పెడతారు, వచ్చిన డిస్క్ క్యాలిపర్‌లో పట్టదు. అదే ఎఫ్10 బాడీలో 520డీకి ముందు డిస్క్ 330 మి.మీ. వ్యాసం, 24 మి.మీ. మందం. 530డీకి 348 మి.మీ., 30 మి.మీ. బయటికి రెండు కార్లూ ఒకేలా కనిపిస్తాయి.

మోడల్ పేరు, సంవత్సరం పక్కన పెట్టి ఆర్‌సీ మీదున్న ఛాసిస్ నంబర్‌తోనే పార్ట్ నంబర్ తీయించాలి. బీఎండబ్ల్యూకు చివరి 7 అక్షరాలు చాలు. బెంజ్‌కు మొత్తం 17 అక్షరాల నంబర్ కొడితే ఆ కారు ఫ్యాక్టరీ నుంచి ఏ బ్రేకులతో బయటికొచ్చిందో వచ్చేస్తుంది. ఆడీలో డిక్కీలో స్టెప్నీ దగ్గర అతికించిన స్టిక్కర్ మీద పీఆర్ కోడ్‌లు ఉంటాయి, వాటిలో ఒకటి ముందు బ్రేకులది, ఒకటి వెనక బ్రేకులది. స్టిక్కర్ చిరిగిపోయి ఉంటే సర్వీస్ బుక్‌లోనూ అదే ఉంటుంది. ఒక్క జాగ్రత్త, పాత ఓనర్ బ్రేకులు మార్పించి ఉంటే ఈ నంబర్లు కూడా దారి తప్పిస్తాయి. అందుకే బండి మీదున్న డిస్క్‌నూ ఒకసారి కొలిపించాలి.

చిల్లులున్నవి.. గీతలున్నవి.. ఏది బెటర్?

రీల్స్‌లో చిల్లుల డిస్క్‌లు చూసి మనసు పడేవాళ్లు తక్కువేం కాదు. ఫ్యాక్టరీ నుంచి చిల్లులతో వచ్చిన కారుకు మళ్లీ అలాంటివే వేయాలి. ప్లెయిన్‌తో వచ్చిన కారుకు చౌక రకం చిల్లుల డిస్క్‌లు వేస్తే లాభం కన్నా నష్టమే ఎక్కువ. వేడెక్కి చల్లారేటప్పుడు పగుళ్లు మొదలయ్యేది ఆ చిల్లుల దగ్గరే. గీతలున్న డిస్క్‌లు ప్యాడ్‌లను త్వరగా తింటాయి, కాస్త చప్పుడు కూడా ఎక్కువ. ఊళ్లో, హైవే మీద తిరిగే సెడాన్‌కు మంచి ప్లెయిన్ వెంటిలేటెడ్ డిస్క్ చాలు. బడ్జెట్‌లో కాస్త వెసులుబాటు ఉంటే 'హై కార్బన్' అని రాసి ఉన్నవి తీసుకోవచ్చు. ఇవి చప్పుడును తగ్గిస్తాయి, వేడికి త్వరగా పగలవు. టోపీ భాగానికి పూత పూసిన కోటెడ్ డిస్క్‌లైతే అలాయ్ వీల్ సందుల్లోంచి తుప్పు కనిపించదు.

బ్రాండ్ విషయానికొస్తే, షోరూమ్ డబ్బాలోదే కావాలనేం లేదు. లగ్జరీ కార్ల బ్రేక్ పార్టులు చాలావరకు బయటి సప్లయర్లు చేసేవే. ఇటలీకి చెందిన బ్రెంబో, జర్మనీకి చెందిన ఏటీఈ, జిమ్మర్‌మన్ లాంటి పేర్లు ఈ రంగంలో పాతవి. యూరప్‌లో రీప్లేస్‌మెంట్ డిస్క్‌లకు 'ఆర్90' అనే నిబంధన ఉంది. ఆ ఆమోదం ఉన్న డిస్క్ మీద, డబ్బా మీద 'ఈ' అక్షరం, పక్కన దేశం నంబర్ ఉంటాయి. ఈ1 అంటే జర్మనీ, ఈ3 అంటే ఇటలీ. పాత మోడళ్లకు ఇది తప్పనిసరి కాదు కానీ ఉంటే మంచిదే. డబ్బా మీది పార్ట్ నంబర్, డిస్క్ మీది నంబర్ ఒకటే కాకపోతే అక్కడే తిరిగి ఇచ్చేయండి. స్క్రాప్‌కు వెళ్లిన కార్ల నుంచి ఊడదీసిన డిస్క్‌లు మాత్రం ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు. ఎంత వేడి చూశాయో, ఎక్కడ పగిలాయో ఎవరికీ తెలియదు.

ఈ బెంజ్ ఉంటే మాత్రం మెకానిక్ వేళ్లు జాగ్రత్త

ఇది చాలామందికి తెలియని విషయం. డబ్ల్యూ211 తరం ఈ-క్లాస్‌లో 2002 నుంచి 2006 దాకా వచ్చిన కార్లలో సెన్సోట్రానిక్ బ్రేక్ కంట్రోల్, ముద్దుగా ఎస్‌బీసీ అనే సిస్టమ్ ఉంటుంది. పెడల్‌కు, చక్రానికి మధ్య పని చేసేది ఎలక్ట్రానిక్ పంపు. ఇబ్బందులు రావడంతో మెర్సిడెస్ 2004లో, మళ్లీ 2005లో లక్షల కార్లను రీకాల్ చేసింది. 2006 ఫేస్‌లిఫ్ట్‌లో ఈ-క్లాస్ నుంచి దాన్ని తీసేసి మామూలు బ్రేకులకే తిరిగొచ్చింది.

ఇప్పుడు అసలు ప్రమాదం. ఈ కార్లలో రిమోట్ నొక్కినా, డోర్ తెరిచినా ఎస్‌బీసీ తనంతట తానే మేల్కొని బ్రేకులను పరీక్షించుకుంటుంది. చక్రం విప్పి, క్యాలిపర్ తీసి, మెకానిక్ చేయి లోపల పెట్టి ఉండగా ఎవరో వచ్చి "పాట పెడదాం" అని డోర్ తీశారనుకోండి, పిస్టన్‌లు ఒక్కసారిగా భారీ ప్రెషర్‌తో బయటికి తన్నుకొస్తాయి. వేళ్లు నలిగిపోతాయి. కాబట్టి డయాగ్నస్టిక్ మిషన్‌తో ఎస్‌బీసీని ఆఫ్ చేసే ఏర్పాటు లేని షెడ్డులో ఈ కారు బ్రేకులు ముట్టుకోనివ్వొద్దు. పని జరుగుతున్నంతసేపు తాళం చెవి జేబులో పెట్టుకుని తిరగడం కూడా వద్దు, పొరపాటున బటన్ నొక్కుకుపోవచ్చు.

ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేక్ ఉన్న ఆడీ ఏ6లోనూ వెనక పిస్టన్‌ను స్కానర్‌తోనే వెనక్కి పంపాలి. సీ క్లాంప్ పెట్టి బలవంతంగా నొక్కితే మోటారు పోతుంది. అప్పుడు డిస్క్ ఖర్చుకు క్యాలిపర్ ఖర్చు తోడవుతుంది.

బిగించేటప్పుడు

డిస్క్‌లు ఎప్పుడూ జతగానే మార్చాలి. ముందు రెండూ కలిపి, లేదా వెనక రెండూ కలిపి. ఒక వైపే మారిస్తే బ్రేక్ కొట్టినప్పుడు బండి పక్కకు లాగొచ్చు. కొత్త డిస్క్‌కు కొత్త ప్యాడ్‌లే వేయాలి. పాత ప్యాడ్ మీద పాత డిస్క్ గాడులే అచ్చుపడి ఉంటాయి. ప్యాడ్ సెన్సర్ వైరు ఒకసారి అరిగి లైటు వెలిగించిందంటే దాన్నీ మార్చాలి. బీఎండబ్ల్యూ 5 సిరీస్‌లో అవి రెండే, ముందు ఎడమ చక్రానికి ఒకటి, వెనక కుడి చక్రానికి ఒకటి. నాలుగు సెన్సర్లకు బిల్లు వేస్తే అడగొచ్చు.

నూనె పూసి వచ్చిన డిస్క్‌ను బ్రేక్ క్లీనర్‌తో తుడవాలి, పెట్రోలు గుడ్డతో కాదు. వీల్ బోల్టులను ఎయిర్ గన్‌తో బిర్రుగా కొట్టి వదిలేయకుండా టార్క్ రెంచ్‌తో, కంపెనీ చెప్పిన అంకెకే బిగించాలి. బోల్టులు తలో రకంగా బిగుస్తే డిస్క్ మళ్లీ ఒంకర కూర్చుంటుంది. బ్రేక్ ఆయిల్ మార్చి రెండేళ్లు దాటితే ఆ పని కూడా ఇప్పుడే చేయించుకోవడం మేలు.

పని అయ్యాక బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడే దాకా నాలుగైదు సార్లు తొక్కాలి. వెనక్కి నెట్టిన పిస్టన్‌లు ముందుకు రాకపోతే మొదటి బ్రేక్ అస్సలు పట్టదు, షెడ్డు గేటు దగ్గరే గుద్దుకునేది ఇలాగే. ఆ తర్వాత ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 10 కిలోమీటర్ల దాకా మెల్లగా, పూర్తిగా ఆగకుండా, మధ్యలో చల్లారనిస్తూ పది సార్ల దాకా బ్రేక్ వేయాలి. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు ఘాట్ ప్రయాణాలు పెట్టుకోకపోవడం మంచిది. బ్రేకులు పూర్తి పట్టుకు వచ్చేది ఆ తర్వాతే.

బిల్లు కట్టే ముందు పాత డిస్క్‌లు, కొత్త వాటి ఖాళీ డబ్బాలు అడిగి తీసుకోండి. పాత డిస్క్ మందం కొలిపించి బిల్లు మీదే రాయించుకుంటే వచ్చేసారి లెక్క సులువవుతుంది.